పెద్ద బండి ముందు సీటు

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ముప్పై ఏళ్లుగా నాకు సీట్ల దుకాణం ఉంది. జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు, పెళ్ళిళ్లకు అద్దెకు తిరిగే కార్లు, ఏది వచ్చినా విప్పి, కత్తిరించి, కుట్టి పంపడమే నా బతుకు. చేతిపని మీద నాకు పొగరు ఎక్కువ. నా కుట్టుకు వంక పెట్టినవాడికి మళ్ళీ చాయ్ పోయను. అది మంచి గుణం కాదని మా ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ చెబుతూనే ఉంది. ఆమె మాటలతో కాని పని ఒక కారుతో అయింది.

రెండేళ్ల కింద, వానలు వెనకబట్టిన రోజుల్లో, బోధన్ అవతల చందూరు దారిలో ఉండే ఒక చెరుకు రైతు దుకాణానికి వచ్చాడు. ఊళ్లో అందరూ పటేల్ అని పిలిచే యాభై దాటిన మనిషి. చాయ్ తాగాడు, రెక్సిన్ చుట్టలన్నీ తడిమి చూశాడు, ఆఖరికి నోరు విప్పాడు.

“ఉస్తాద్, పాత బండి ఒకటుంది. సీట్లు చెయ్యాలె. జర ఇంటిదాంక వస్తవా?”

“ఏం బండి పటేలా?”

“చెప్తె నమ్మవు. వచ్చి చూడు.”

ఆయన ఇల్లు నిజాంసాగర్ కాలువకు దగ్గర్లోనే. ఇంటి వెనక ఎరువు బస్తాలు పేర్చిన రేకుల షెడ్డులో, నల్ల తాడిపత్రి కింద ఏదో పొడుగ్గా పడి ఉంది. వరికోత మిషన్ అనుకున్నాను. ఆయన ఒక కొస పట్టాడు, నేను ఒక కొస పట్టాను. తాడిపత్రి లాగుతూ ఉంటే బండి వస్తూనే ఉంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి ఆరడుగులు వెనక్కి నడిచినా ఇంకా తలుపు రాలేదు. ముదురు నీలం రంగు. అంత లోతైన రంగు నేను బావి నీళ్లలో తప్ప చూడలేదు. దీపాల గిన్నెలు నా తలకన్నా పెద్దవి. ముందు చక్రానికి పక్కన, రెక్క మీద, ఇంకో చక్రం కూర్చోబెట్టి ఉంది. తాడిపత్రి కొస చేతిలోనే మర్చిపోయాను.

వెనక తలుపు మన కార్ల తలుపులకు ఎదురుదిక్కుగా తెరుచుకుంది. లోపలికి వంగి కాదు, నడిచి వెళ్ళాను. అదొక గది. కింద నుంచి లేపితే విచ్చుకునే రెండు మడత కుర్చీలు. తలుపు పక్కన పూలు పెట్టుకోవడానికి గాజు గొట్టం. డ్రైవరుకీ వెనక కూర్చున్నవాళ్లకీ మధ్య పైకీ కిందికీ జరిగే అద్దం. ఆ అద్దం ఎక్కిస్తే మాట వినపడదు కాబట్టి, వెనక నుంచి డ్రైవరు చెవి దగ్గరికి పోయే ఒక సన్నటి మాట గొట్టం. ఎవరో ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని, మనిషి కారులో ఎంత సుఖపడగలడో ఒక్కొక్కటీ ఆలోచించి పెట్టారు. నేను ఆ గదిలో చెప్పులు విడిచి నిలబడ్డానని తర్వాత పటేల్ చెప్పి నవ్వాడు. నాకు గుర్తు లేదు.

అది అమెరికా బండి. రాజ్యాలు మారిన రోజుల్లో పటేల్ తాత దాన్ని హైదరాబాదులో ఒక జాగీర్దారు ఇంటి నుంచి కొన్నాడు. చెరుకు బాగా పండిన కాలంలో అదే బండిలో బోధన్‌కూ నిజామాబాద్‌కూ తిరిగాడు. తాత పోయాక బండి షెడ్డెక్కింది. నలభై ఏళ్లు కోళ్లు అందులో గుడ్లు పెట్టాయి. ఇప్పుడు పటేల్ దాన్ని హైదరాబాదు మేస్త్రీతో ఇంజను చేయించి, రంగు వేయించి, అమ్మకానికి పెట్టాడు. ఎందుకమ్ముతున్నారని అడిగితే, ముగ్గురు చెల్లెళ్లున్నారనీ, తాత ఆస్తిలో అందరికీ వాటా ఉందనీ, భూమిని గట్టు వేసి పంచుకోవచ్చు గానీ బండిని పంచుకోలేమనీ చెప్పాడు.

ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి పుణె నుంచి ఒక పాత కార్ల ఆసామి ఫోన్ చేశాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి, సీట్లతో సహా. అలా ఉంటే బేరం ఆడను, లేకపోతే అసలే తీసుకోను అన్నాడు. ఇంజను అయింది, రంగు అయింది. మిగిలింది సీట్లే. అంటే బండి అమ్ముడుపోవడం, పోకపోవడం నా చేతిలో పడింది.

“నా చెయ్యి పడ్డదంటె ఫికర్ లేదు పటేలా,” అన్నాను. ఆ మాట నేను మెత్తగా కూడా అనలేదు.

సీట్లలో మిగిలింది తుప్పు స్ప్రింగులు, కొబ్బరి పీచు లాంటి ఏదో గుర్రపు వెంట్రుక, ఎలుకల గూళ్లు. పాత సీటు విప్పినప్పుడు మా పనివాళ్లు మొదట చూసేది మేకుల కింద. పైనంతా పోయినా మేకు తలకింద గోరంత ముక్క ఆగుతుంది. అలాగే ఆగింది. ముందు సీటు మేకుల కింద నల్లటి తోలు ముక్క దొరికింది. వెనక సీటు మేకుల కింద బూడిద రంగు ఉన్ని పోగులు దొరికాయి. నాకది అర్థం లేని సంగతిగా కనపడింది. తోలు ఖరీదైంది, అది డ్రైవరు కిందికి ఎందుకు పోతుంది? బట్ట చవక, దాన్ని జాగీర్దారు కిందికి ఎవడు వేస్తాడు? ఈరోజు షోరూముకు పోయినా తోలు సీటంటే ఓ మెట్టు పైన. ముందున్నది ఎవరో వేసిన మాటు, వెనకున్నది లోపలి అస్తరు అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఒక మాట అడుగుదామని ఆ బండి తోలిన మనిషి ఉన్నాడా అన్నాను.

ఉన్నాడు. అదే ఊళ్లో, రెండు వాడల అవతల. ఎనభై దాటిన ముసలాయన, ఎముకల మీద ధోతి చుట్టినట్టు ఉంటాడు. పటేల్ తాత దగ్గర ఇరవై రెండేళ్లు ఆ బండి తోలాడు. షెడ్డు లోపలికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. దేన్నీ ముట్టుకోలేదు.

“తాతా, ముందు సీటు ఏముండె? తోలా, బట్టా?” అన్నాను.

ఆయన విప్పి పడేసిన స్ప్రింగుల వంక చూశాడు.

“ముందల బట్టనే ఉండె బిడ్డా. మెత్తటి బట్ట.”

“ఎన్కాల?”

“ఎన్కాల తోలు.”

నేను పటేల్ వైపు చూసి తల ఎగరేశాను, చూశావా అన్నట్టు. మేకుల కింద దొరికిన ముక్కల్ని ఊడ్చి బయట పారేశాను.

నాలుగు నెలలు పట్టింది. వెనక సీటుకి మద్రాసు నుంచి నల్లతోలు తెప్పించాను. ముందు సీటుకి బూడిద రంగు ఉన్ని బట్ట, అరచెయ్యి పెట్టి తీస్తే అచ్చు పడి మెల్లగా మాయమయ్యేంత మెత్తటిది. దుకాణం మూసి, అక్కడే షెడ్డులో కూర్చుని కుట్టాను. ఒక్కోసారి సూది ఆపి ఊరికే చూస్తూ కూర్చునేవాణ్ని. ఇన్నేళ్లలో అంత గొప్ప వస్తువు మీద నా చెయ్యి పడలేదు, ఇక పడదు కూడా. అది తెలుస్తూనే ఉండేది. నాకు లోపల భయం లాంటిది కలిగేది.

పని అయ్యాక బండికి పూజ చేశారు. పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. బండిని షెడ్డులోంచి బయటికి తియ్యాలి. పటేల్ ట్రాక్టరు బాగా తోలుతాడు గానీ ఈ బండి గేరు ఆయన మాట వినలేదు, పళ్లు కొరికింది. ముసలాయన్ని పిలిచారు. ఆయన తలుపు తీసి, కూర్చోకముందు, చేతి వెనక భాగంతో సీటు బట్టను ఇటు నుంచి అటు నిమిరాడు. నా కుట్టును మెచ్చుకుంటున్నాడనుకుని పొంగిపోయాను. తర్వాత కూర్చున్నాడు. ఎప్పుడు స్టార్ట్ చేశాడో తెలియలేదు. ఇంజను నడుస్తోందా అని పటేల్‌ని అడిగితే, ముందున్న దీపం మీద వాలిన ఈగను చూపించాడు, అది కదలడం లేదు, కానీ బండి కదులుతోంది. అంత పెద్ద బండి, చప్పుడు లేకుండా, వాకిట్లోకి వచ్చి ఎండలో నిలబడింది. ఇంట్లో ఆడవాళ్లు చేతులు జోడించారు. నేనూ జోడించాను.

ఇంజను ఆపాక కూడా ముసలాయన దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేశాయేమోనని నేను వెళ్లి చెయ్యి ఇచ్చాను.

పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో పుణె ఆసామి వచ్చాడు. అరవై దాటిన సన్నటి మనిషి, తెల్ల బూట్లు. వాకిట్లో ఆరబోసిన పసుపుకొమ్ముల మధ్య నడిచేసరికి బూట్లు పచ్చబడ్డాయి, ఆయన చూసుకోలేదు. ఆయన కళ్లు బండి మీదున్నాయి. చుట్టూ తిరిగాడు, మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాడు, చేతికి రుమాలు చుట్టుకుని పిడి పట్టి తలుపు తెరిచాడు. వెనకకు చూశాడు. ముందుకు చూశాడు. నేను పొగడ్త కోసం నిలబడ్డాను.

కుట్టు అద్భుతం అని హిందీలో మెల్లగా చెప్పాడు. కానీ ముందుది వెనక, వెనకది ముందు వేశారు అన్నాడు.

ఆయన కోప్పడలేదు, ఫోనులో పాత ఫొటోలు చూపించాడు. అలాంటివే ఇంకో నాలుగు బండ్లు. అన్నిటికీ ముందు తోలు, వెనక బట్ట. ఓపిగ్గా వివరించాడు. పూర్వం డ్రైవరు కూర్చునే చోటికి పైకప్పు కూడా ఉండేది కాదట. వానలో తడుస్తాడు, చేతులకు నూనె ఉంటుంది, అందుకని తుడిస్తే పోయే తోలు వాడికి. ఎండకు కాలని, చలికి గడ్డకట్టని, చప్పుడు మింగే మెత్తటి ఉన్ని బట్ట యజమానికి. తోలు ఎక్కువ అని మీరు అనుకుంటున్నారు, ఆ రోజుల్లో తోలు పనివాడిది అన్నాడు. రెండు నెలల్లో సరిచేస్తే బండి తీసుకుంటాననీ, లేకపోతే మనసు చంపుకుని వదిలేస్తాననీ చెప్పి వెళ్ళాడు.

నా మనసులో మేకుల కింది ముక్కలు మెదిలాయి. తోలు ముక్క, ఉన్ని పోగులు. నా చేతిలోకి వచ్చి మరీ చెప్పాయి. నేనే ఊడ్చేశాను. కానీ నా మీద నాకు వచ్చిన కోపాన్ని ఎవరి మీదన్నా పెట్టాలి కదా. సరాసరి ముసలాయన ఇంటికి పోయాను.

ఆయన అరుగు మీద కూర్చుని పసుపుకొమ్ములు ఏరుతున్నాడు.

“ముందల బట్ట అని చెప్పినవు గద తాతా,” అన్నాను, నిలబడే. “ఇరవై రెండేండ్లు కూసున్న సీటు గూడ యాదికి లేదా నీకు?”

“యాదికుంది,” అన్నాడు.

“మరి?”

“అబద్ధం చెప్పిన.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. కూర్చోమన్నట్టు అరుగు చూపించాడు. కూర్చున్నాను.

“ముందల తోలే. నల్లటిది. ఎండకాలం పెద్ద పటేలు కచ్చేరికి పోయి రెండు గంటలు కూసుంటడు, బండి ఎండల ఉంటది. ఆయన బైటికొచ్చే యాళ్లకు నేను ఎక్కి స్టార్ట్ చేసి ఉండాలె. గా తోలు మీద కూసుంటె తొడలకు బొబ్బలు లేస్తుండె బిడ్డా. ఇంటికొచ్చి బోర్ల పండుకుంటుంటి. ఒకపారి గోనె సంచి తడిపి ఏసుకున్న. చల్లగున్నది. పటేలు చూసిండు. గింత పెద్ద బండిల గోనె సంచేందిర, ఇజ్జత్ తీస్తున్నవ్ అని, గుంజి మోరీల పారేసిండు. మల్ల ఎయ్యలే.”

ఆయన చేట ముందుకు లాక్కుని మళ్ళీ కొమ్ములు ఏరుతూ చెప్పాడు.

“ఎన్కాల బట్టను మాత్రం రోజు పొద్దున బ్రష్ కొడుతుంటి. దాని నూగు ఒక దిక్కు పడాలె, లేకుంటె తిడతడు. చెయ్యి ఎన్క భాగంతోని సదురుకుంటుంటి, అరచేతికి నూనె ఉంటది గద. కూసోలే. ఒక్కనాడు కూసోలే.” చేటలోంచి ఒక పుచ్చు కొమ్ము తీసి పక్కన పెట్టాడు. “నువ్వొచ్చి ముందల ఏముండె అని అడిగితివి. బండి మల్ల కొత్తగ పుడుతుందంటిరి. కొత్తగ పుట్టేటప్పుడన్న గట్ల పుడితె ఏం పాయె అనుకున్న. నీ పని చెడగొట్టాలని గాదు. ఏమనుకోకు.”

దబాయించడానికి వెళ్ళినవాణ్ని, ఆ చేటలో చెయ్యి పెట్టి కాసేపు ఆయనతో పాటు కొమ్ములు ఏరి లేచాను. అమెరికా వాళ్ల పనితనానికి నేను నోరు తెరిచాను గానీ, ఇరవై రెండేళ్లు మనసులో పెట్టుకున్న మంటకు ఆ ముసలాయన అడిగింది ఎంత చిన్నదో చూశాక, నిజంగా ఆశ్చర్యపోవలసింది ఎవర్ని చూసో తెలిసింది. చేతి వెనక భాగంతో సీటు నిమిరింది నా కుట్టు కోసం కాదు. దిగకపోవడం మోకాళ్ల నొప్పీ కాదు.

పటేల్‌కి తప్పు నాదే అని చెప్పాను, మేకుల కింది ముక్కల సంగతి చెప్పాను. అది నిజమే. కానీ ఆయన ఊరుకోలేదు, ముసలాయన ఏమన్నాడని రెండుసార్లు అడిగాడు. దాచడం నాకు చేతకాదు. గోనె సంచీతో సహా చెప్పేశాను. ఆయన గోడ మీద తాత ఫొటో వైపు ఒకసారి చూసి, బర్రెలకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్ళిపోయాడు. పుణె ఆసామికి మాత్రం తప్పు సీట్ల మేస్త్రీదే అని ఫోనులో చెప్పమన్నాను. అలాగే చెప్పాడు. నా కుట్టుకు నేనుగా వంక పెట్టుకోవడం అదే మొదటిసారి. ప్రాణం పోలేదు.

రెండు సీట్లూ మళ్ళీ విప్పాను. ముందు తోలు, వెనక ఉన్ని. ముందు సీటు బిగిస్తున్నప్పుడు ప్రతి మేకుకీ ఆ ముసలాయన తొడలు గుర్తొచ్చాయి. పని బాగా వచ్చింది. బాగా వచ్చినందుకు సంతోషం కలగలేదు.

యాసంగి కోతలప్పుడు పుణె నుంచి లారీ వచ్చింది, కార్లు ఎక్కించుకుపోయే పొడుగు లారీ. అది ఊళ్లోకి రాలేక పెద్ద రోడ్డు మీదే ఆగింది. ఇంటి నుంచి అక్కడిదాకా బండిని నడిపించుకుపోవాలి. దారి పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండి పోతుందని తెలిసి జనం పారలతో వడ్లను ఒక పక్కకు జరిపి దారి ఇచ్చారు. పుణె ఆసామి ముందే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తోలు సీటు చూసి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అసలు బండి ఇదీ అని, లారీ సంగతి చూడడానికి ముందుగా పెద్ద రోడ్డు మీదికి వెళ్ళాడు. బండి పొద్దున్నుంచి వాకిట్లో ఎండలోనే ఉంది.

నడిపేది మళ్ళీ ముసలాయనే. ఉతికిన ధోతి కట్టుకుని వచ్చాడు. తలుపు తీసి, చేతి వెనక భాగం తోలుకు ఆనించి, వెంటనే తీసేశాడు. ధోతి మడత సర్దుకుని ఎక్కబోయాడు.

“జర ఆగు తాతా,” అన్నాడు పటేల్.

షెడ్డులోకి వెళ్లి ఒక గోనె సంచి తెచ్చాడు. బర్రెల తొట్టిలో ముంచాడు, పిండాడు, మళ్ళీ ముంచాడు. ఆ నీళ్లు కారుతుండగానే తెచ్చి, నేను నెలల తరబడి చేసిన సీటు మీద, తన రెండు చేతులతో అంచులు సరిచేసి పరిచాడు. కొత్త తోలు మీద తడి గోనె పడితే ఏమవుతుందో ఆ వాకిట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. ముసలాయన పటేల్ ముఖంలోకి చూశాడు. పటేల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, యజమాని ఎక్కేటప్పుడు డ్రైవరు నిలబడే తీరున.

“కూసో,” అన్నాడు.

బండి వడ్ల మధ్యలోంచి వెళ్ళింది. మేమంతా వెనక నడిచాం. పారలు పట్టుకున్న ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కుని చూస్తూ నిలబడ్డారు. చప్పుడు లేదు, టైరు కింద నలిగే వడ్ల గింజల చప్పుడు తప్ప. పెద్ద రోడ్డు ఎక్కి లారీ వెనక ఆగింది. ముసలాయన దిగాడు. ఆయన ధోతి వెనక భాగమంతా తడి. గోనె సంచిని తనే తీసి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

పుణె ఆసామి రుమాలు తీసి తలుపు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. నల్లతోలు మీద గోనె నేత నేతంతా అచ్చు దిగింది, అంచుల్లో నీళ్లు చేరి తెల్లటి గీత కట్టింది. తుడిస్తే పోదు, నాకు తెలుసు. ఆయనా పాత కార్ల మనిషే, ఆయనకీ తెలుసు. ఇదేమిటి మేస్త్రీ అని నన్నడిగాడు. పటేల్ నా వైపు చూశాడు. అమ్మకం ఈసారి నా నోటి మాట మీద పడింది.

“మీరు బండి అసలు ఎలా ఉండేదో అలాగే కావాలన్నారు కదా సాబ్,” అన్నాను. “ఇరవై రెండేళ్లు ఈ బండి తోలిన ఆ ముసలాయన కింద ఈ తడి గోనె ఉండాల్సింది. ఇప్పుడు అసలు బండి అయింది.”

ఆయన మరక వంక చూశాడు. రోడ్డు పక్కన తడి ధోతితో, చంకలో గోనె సంచీతో నిలబడ్డ ముసలాయన వంక చూశాడు. చేతిలో ఉన్న రుమాలును మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ తుడవకుండా తలుపు వేసి, బండిని ఎక్కించమని లారీ వాళ్లకు చెప్పాడు.